డౌన్‌లోడ్లు కోట్లలో, మరి డబ్బులేవి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మొబైల్ గేమ్స్ గురించే. అందులోనూ చిన్న చిన్న క్యాజువల్ గేమ్స్ గురించి, అంటే ఒక బొటనవేలితో, అయిదు నిమిషాల ఖాళీలో ఆడుకునేవాటి గురించి. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపి ఆరింటికి జవాబు రాస్తున్నాను. కొన్ని జవాబులు పొడుగయ్యాయి, ఏమనుకోకండి.

ఫ్రీ గేమ్స్ చార్టులో ఎప్పటికప్పుడు ఏదో కొత్త గేమ్ మొదటి స్థానంలోకి వస్తుంది. నెల తిరిగేసరికి దాని పేరు కూడా ఎవరికీ గుర్తుండదు. కోట్లమంది దించుకున్న గేమ్ అంత త్వరగా ఎలా మాయమవుతుంది? క్యాండీ క్రష్ మాత్రం ఎలా నిలబడింది?
— గేమ్ డిజైన్ చదువుతున్న విద్యార్థి

స్టోర్‌లో రెండు చార్టులుంటాయి, ముందు వాటిని విడివిడిగా చూడండి. ఫ్రీ చార్టు చెప్పేది ఈమధ్య ఎంతమంది కొత్తగా దించుకున్నారనే. టాప్ గ్రాసింగ్ చార్టు చెప్పేది స్టోర్ ద్వారా జనం ఎంత డబ్బు పెట్టారని. ఒక వారం యాడ్స్‌కి గట్టిగా ఖర్చు పెడితే మొదటి చార్టు ఎక్కొచ్చు. రెండోదానిలో ఏళ్ళ తరబడి ఉండాలంటే నిన్న ఆడినవాళ్ళు ఇవాళ మళ్ళీ రావాలి. వాళ్ళు రాకపోతే ఎన్ని డౌన్‌లోడ్లు వచ్చినా చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే.

దీనికి డ్రా సంథింగ్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఒకరు బొమ్మ గీస్తే ఇంకొకరు అదేంటో కనిపెట్టే ఆట. 2012 ఫిబ్రవరిలో వచ్చింది, 50 రోజుల్లో 5 కోట్ల డౌన్‌లోడ్లు. మార్చిలోనే జింగా కంపెనీ ఆ గేమ్ చేసిన ఓఎంజీపాప్ స్టూడియోని దాదాపు 18 కోట్ల డాలర్లు పెట్టి కొనేసింది. కొన్న కొద్ది వారాల్లోనే రోజూ ఆడేవాళ్ళు లక్షల్లో తగ్గిపోవడం మొదలైంది, 2013లో స్టూడియోనే మూసేశారు. ఆట చెడ్డది కాదు, నిజంగా సరదాగా ఉండేది. కానీ గీయాల్సిన మాటలు తిరిగి తిరిగి అవే వస్తుంటే, రేపు కూడా తెరవడానికి కారణమేముంది?

క్యాండీ క్రష్ సాగా కూడా 2012దే. ముందు ఫేస్‌బుక్‌లో, ఆ ఏడాది చివర్లో ఫోన్లలోకి వచ్చింది. దాన్ని చేసిన కింగ్ కంపెనీ కొత్త లెవెల్స్ పెట్టడం ఇప్పటివరకూ ఆపలేదు, లెవెల్స్ 15 వేలు ఎప్పుడో దాటాయి. 2023 నాటికి ఆ ఒక్క గేమ్ మొత్తం సంపాదన 2,000 కోట్ల డాలర్లు దాటిందని కంపెనీయే ప్రకటించింది. బయటికి అదే గేమ్‌లా కనిపిస్తుంది కానీ లోపల వారం వారం పని జరుగుతూనే ఉంటుంది, మీ క్లాసులో ఈ భాగం ఎవరూ చెప్పకపోతే అడిగి మరీ చెప్పించుకోండి.

ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. కింగ్ 2014 మార్చిలో షేర్ మార్కెట్‌కి వెళ్ళినప్పుడు మొదటి రోజే షేరు 16 శాతం దాకా పడింది. అప్పటికి కంపెనీ రాబడిలో మూడొంతులకు పైగా ఈ ఒక్క గేమ్ నుంచే వస్తోంది, ఇది చల్లారితే ఏంటి పరిస్థితి అని పెట్టుబడిదారులకి టెన్షన్. వాళ్ళ భయం అర్థం చేసుకోదగ్గదే. అయితే గేమ్ చల్లారలేదు, రెండేళ్ళు తిరక్కుండానే యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే పెద్ద గేమ్ కంపెనీ 590 కోట్ల డాలర్లకి కింగ్‌ని కొనుక్కుంది.

నేను ఏళ్ళ తరబడి రంగులు కలిపే పజిల్ గేమ్ ఆడుతున్నాను. ఇంతవరకూ ఒక్క పైసా పెట్టలేదు. నాలాంటివాళ్ళ వల్ల వాళ్ళకేం లాభం? నన్నెందుకు ఆడనిస్తున్నారు?
— రోజూ రాత్రి ఒక అరగంట ఆడే పాఠకురాలు

మీరేదో తప్పు చేస్తున్నట్టు అడిగారు, అలాంటిదేం లేదండీ. ఆడేవాళ్ళలో ఎక్కువమంది మీలాంటివాళ్ళే. కింగ్ షేర్ మార్కెట్‌కి వెళ్ళేముందు బయటపెట్టిన లెక్కల్లో, నెలలో ఆడిన నూరుమందిలో డబ్బు పెట్టింది సుమారు నలుగురు. ఆ నలుగురిలోనూ అందరూ ఒకేలా పెట్టరు, ఎక్కువ భాగం ఒకరిద్దరే పెడతారు.

ఆ డబ్బు ఎక్కడ పుడుతుందో మీరు రోజూ చూసే స్క్రీన్ మీదే ఉంది, ఈసారి గమనించండి. మూవ్స్ అయిపోయాయి. బోర్డు మీద ఇంకో రెండు జెల్లీ గళ్ళే మిగిలాయి. అప్పుడు "ఇంకో 5 మూవ్స్ కావాలా?" అని ఒక పెద్ద బటన్ వస్తుంది, పక్కన మూలకి చిన్నగా మూసేసే గుర్తు. మిగిలినవి పదిహేను గళ్ళయితే మీరు ఆ బటన్ వంక కూడా చూడరు. రెండే మిగిలినప్పుడు వేలు ఆగుతుంది. లెవెల్ డిజైనర్లు నెలల తరబడి సరిచేసేది ఆ ఆగే క్షణాన్నే: ఏ లెవెల్‌లో ఎంతమంది ఓడుతున్నారు, ఎన్ని గళ్ళు మిగిలి ఓడుతున్నారు, అక్కడే విసిగిపోయి గేమ్ తీసేసినవాళ్ళు ఎందరు అని. మరీ కష్టం చేస్తే మీలాంటివాళ్ళు వెళ్ళిపోతారు, మరీ తేలిక చేస్తే ఆ బటన్ ఎవరూ నొక్కరు.

ఇక మీ వల్ల లాభం. మీరు ఆడుతున్నారని మీ చెల్లెలు దించుకుంటుంది, టీమ్‌లో మీరు లైఫ్స్ పంపిస్తేనే డబ్బు పెట్టేవాళ్ళకి కూడా ఆట కళకళలాడుతుంది, మధ్యలో యాడ్స్ వచ్చే గేమ్ అయితే మీరు చూసిన ప్రతి యాడ్‌కీ కొంత వస్తుంది. కాబట్టి ఊరికే ఆడుతున్నానని మొహమాటపడక్కర్లేదు. ఒక్క మాట మాత్రం చెప్పాలి, ఎప్పుడైనా ఆ బటన్ నొక్కాలనిపిస్తే ఫోన్ పక్కన పెట్టేసి పొద్దున మళ్ళీ అదే లెవెల్ ఆడి చూడండి. చాలాసార్లు ఉత్తినే దాటేస్తారు.

ఇద్దరం కలిసి మూడు నెలలు కష్టపడి ఒక చిన్న గేమ్ చేశాం. పబ్లిషర్‌కి, అంటే యాడ్స్‌కి డబ్బు పెట్టి గేమ్‌ని జనంలోకి తీసుకెళ్ళే కంపెనీకి, పంపితే వారం రోజులు టెస్ట్ చేసి, ఒకరిని తేవడానికయ్యే ఖర్చు ఎక్కువుంది, మొదటిరోజు రిటెన్షన్ (మర్నాడు తిరిగొచ్చి ఆడేవాళ్ళ శాతం) తక్కువుంది అని రెండు లైన్ల మెయిల్ పెట్టి వదిలేశారు. యాడ్స్ ఇంకా ఎక్కువ పెడితే లెక్క సరిపోతుందా?
— నిరాశలో ఉన్న డెవలపర్

సరిపోదండీ. ఎందుకో చెప్తాను, మీ ఉత్తరం చదివి నాకు చాలా బాధేసింది, ఎందుకంటే అచ్చం అలాంటి రెండు లైన్ల మెయిల్ నాకూ వచ్చింది ఒకప్పుడు.

లెక్క నిజానికి చాలా చిన్నది. ఒక ఆటగాడిని యాడ్స్ ద్వారా తేవడానికి ఎంతయింది, ఆ ఆటగాడు గేమ్‌లో ఉన్నన్నాళ్ళలో మీకు ఎంత వచ్చింది. మొదటిది అర డాలర్ అనుకుందాం. రెండోది అంతకన్నా ఒక్క సెంటు ఎక్కువున్నా పబ్లిషర్ ఎంత డబ్బైనా పోస్తాడు, ఒక్క సెంటు తక్కువున్నా నూరు డాలర్లు కూడా పెట్టడు. రెండోదాన్ని పెంచే దారులు రెండే, రోజుకి ఎక్కువ రాబట్టడం లేదా ఎక్కువ రోజులు ఉంచుకోవడం. యాడ్స్ పెంచితే రోజుకి వచ్చేది పెరిగినట్టే కనిపిస్తుంది, కానీ ప్రతి లెవెల్ తర్వాతా ముప్ఫై సెకన్ల యాడ్ వస్తే మనిషి మర్నాడు రాడు, మీ గేమ్‌కి అసలే మర్నాడు వచ్చేవాళ్ళు తక్కువ. కాలిన చోటే వాత పెట్టినట్టవుతుంది.

మరి ఏం చేయాలి? మా సంగతి చెప్తాను. మా గేమ్ కూడా మర్నాటికి ఖాళీ అయిపోయేది. మేము ఇంకా లెవెల్స్ కావాలేమో, రంగులు బాగాలేవేమో అని కొట్టుకున్నాం. చివరికి ఆ గేమ్ సంగతే తెలియని ఒకావిడ చేతికి ఫోన్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చున్నాం. తెరవగానే ఎలా ఆడాలో చెప్పే మూడు స్క్రీన్లు, మేము ఎంతో ఇష్టంగా రాసినవి. ఆవిడ ఒక్కటి కూడా చదవలేదు, టక టక టక నొక్కేసి లోపలికి వెళ్ళింది. ఆట మొదలైంది, ఏం చేయాలో తెలియలేదు. అదీ కాక బంతి వచ్చి పడే చోటు సరిగ్గా ఆవిడ బొటనవేలి కింద ఉంది, అంటే ఆటలో అసలైన సంగతి ఆవిడకి కనిపించడమే లేదు. రెండు నిమిషాలు చూసి, "బాగుంది బాబూ" అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది. ఆ "బాగుంది" ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అన్ని నెలలు మేము చేత్తో ఫోన్ పట్టుకుని కాక, పెద్ద మానిటర్ మీద మౌస్‌తో ఆడి చూసుకున్నాం. స్క్రీన్లు తీసేసి, మొదటి లెవెల్‌లో ఓడిపోవడం కుదరకుండా చేసి, ఆటని వేలికి పైకి జరిపాం. గేమ్ పెద్ద హిట్టేం అవ్వలేదు, కానీ మర్నాడు తిరిగొచ్చేవాళ్ళు కళ్ళకి కనిపించేంత పెరిగారు.

యాడ్స్ పూర్తిగా మానేయమని నేను అనను. 2014 నవంబర్‌లో వచ్చిన క్రాసీ రోడ్ చూడండి, కోడిపిల్లని రోడ్డు దాటించే ఆట. మొదటి 90 రోజుల్లో కోటి డాలర్లు సంపాదించింది, అందులో సుమారు 30 లక్షలు వీడియో యాడ్స్ నుంచి. అక్కడ యాడ్ ఆటని అడ్డుకోదు, కావాలంటే చూడు, చూస్తే నాణేలిస్తా అంటుంది. చూడనివాడికి నష్టం లేదు. ఆటగాడు తనంతట తాను నొక్కి చూసే ఇలాంటి యాడ్ మీ గేమ్‌లో ఒక్కచోట పెట్టి చూడండి.

ఇంకొకటి, స్టోర్ కమిషన్ 30 శాతం అనుకుని లెక్క వేసి ఉంటే మళ్ళీ వేయండి. ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు రాబడి ఉన్నవాళ్ళకి ఆపిల్, గూగుల్ రెండూ 2021లో దాన్ని 15 శాతానికి తగ్గించాయి, దానికి మీరే నమోదు చేసుకోవాలి. ఇది గేమ్ లోపలి కొనుగోళ్ళకే, యాడ్స్ డబ్బుకి సంబంధం లేదు.

యాడ్‌లో చూపించేది ఒక ఆట, దించుకున్నాక వచ్చేది ఇంకో ఆట. ఇది మోసం కాదా? ఇలా చేస్తే వాళ్ళకే నష్టం కదా?
— రెండుసార్లు మోసపోయిన పాఠకుడు

మోసమే. 2020లో బ్రిటన్‌లో ప్రకటనల మీద నిఘా పెట్టే సంస్థ ఏఎస్‌ఏ, హోమ్‌స్కేప్స్, గార్డెన్‌స్కేప్స్ అనే గేమ్స్ యాడ్స్‌ని తప్పుదారి పట్టిస్తున్నాయని చెప్పి ఆపేయించింది. యాడ్‌లో మేకులు లాగి మనిషిని కాపాడే పజిల్, లోపలేమో ఎక్కువ భాగం మామూలుగా మూడు కలిపే ఆట.

నష్టం కదా అన్నారు, అక్కడే చిక్కుంది. యాడ్‌లో ఓడిపోతున్న ఆట చూస్తే "నేనైతే గెలిచేవాడిని" అని చెయ్యి లాగుతుంది, నూటికి ఎక్కువమంది నొక్కుతారు, ఒకరిని తేవడానికయ్యే ఖర్చు పడిపోతుంది. దించుకున్నవాళ్ళలో చాలామంది మీలాగే తిట్టుకుని తీసేస్తారు, మిగిలిన కొద్దిమందితో లెక్క గిట్టుబాటవుతుంది. తర్వాత కొన్ని కంపెనీలు యాడ్‌లో చూపించే ఆ చిన్న ఆటల్నే నిజంగా గేమ్ లోపల పెట్టడం మొదలుపెట్టాయి, అది కొంత నయం. అయినా నాకు నచ్చదు. నమ్మి నొక్కినవాడి అయిదు నిమిషాలు కూడా విలువైనవే.

వియత్నాంలో ఒక్కడే కూర్చుని ఫ్లాపీ బర్డ్ చేసి రోజుకి 50 వేల డాలర్లు సంపాదించాడట. ఇప్పుడు అలాంటిది కుదురుతుందా? హైపర్ క్యాజువల్ పని అయిపోయిందంటున్నారు, అది కూడా నిజమేనా? అలాంటి గేమ్స్ చేసే కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది, చేరనా?
— ఉద్యోగం వెతుక్కుంటున్న ప్రోగ్రామర్

మూడు ప్రశ్నలడిగారు, మొదటిది త్వరగా ముగిస్తాను. డాంగ్ న్గుయెన్ ఫ్లాపీ బర్డ్‌ని 2013 మేలో పెట్టాడు. నెలల తరబడి ఎవరూ పట్టించుకోలేదు, 2014 జనవరిలో ఒక్కసారిగా చార్టులెక్కింది, యాడ్స్ మీద రోజుకి 50 వేల డాలర్ల దాకా వస్తోందని తనే చెప్పాడు, ఫిబ్రవరిలో తనే తీసేశాడు. ఇప్పుడు కూడా ఒక్కరు చేసిన గేమ్ జనానికి ఎక్కొచ్చు. ఎక్కిన మర్నాటి నుంచే కాపీలు దిగుతాయి, ఆ సంగతి ఎవరూ చెప్పరు. 2014లోనే థ్రీస్ అనే నంబర్ల పజిల్‌ని ఏడాదికి పైగా చెక్కి ఫిబ్రవరిలో డబ్బులకి అమ్మితే, మార్చిలో ఆ బాటలోనే 2048 ఉచితంగా వచ్చేసింది. ఇవాళ ఎక్కువమందికి తెలిసింది 2048యే.

రెండోది, హైపర్ క్యాజువల్, అంటే చూడగానే అర్థమైపోయే, యాడ్స్ మీదే నడిచే మరీ సులువైన ఆటలు. ఈ ఆటలు బతికిందే చౌకగా మనుషుల్ని తేవడం మీద. హెలిక్స్ జంప్, హోల్ డాట్ ఐఓ వచ్చిన 2018 ప్రాంతంలో వూడూ లాంటి పబ్లిషర్లు ప్రోటోటైప్‌లు, అంటే పూర్తి కాని నమూనా గేమ్స్, కుప్పలు తెప్పలుగా టెస్ట్ చేసి, జనానికి ఎక్కినదాన్ని ఉంచి మిగతావి పారేసేవారు. ఆటగాడు నాలుగైదు రోజులుంటే చాలు, ఆ లోపల చూసిన యాడ్స్‌తో ఖర్చు తిరిగొచ్చి పైన కాస్త మిగిలేది. మిగిలేది ఎంతో సన్నం, అందుకే ఖర్చు కొంచెం పెరిగినా కూలిపోతుంది. 2021 ఏప్రిల్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5తో ఆపిల్ ఒక రూల్ తెచ్చింది: యాప్‌లు మనల్ని వేరే యాప్‌లలోనూ వెంటాడాలంటే ముందు మన అనుమతి అడగాలి. అడిగితే చాలామంది వద్దన్నారు. దాంతో ఏ యాడ్ చూసి వచ్చినవాడు నిలబడ్డాడు, ఎవడు డబ్బు పెట్టాడు అన్నది ఐఫోన్లలో సరిగ్గా తెలియకుండా పోయింది, చీకట్లో రాళ్ళు వేసినట్టయింది. దానికి తోడు లాక్‌డౌన్లలో ఇంట్లో కూర్చుని ఆడినవాళ్ళు బయటికెళ్ళిపోయారు, 2022లో మొబైల్ గేమ్స్ మీద జనం పెట్టే ఖర్చు అంతకు ముందు ఏడాది కంటే తగ్గింది.

అయితే "పని అయిపోయింది" అనడం నాకు సరి కాదనిపిస్తుంది. ఆ ఆటలు మారాయి. పైకి అదే వేలితో ఆడే సులువైన ఆట, లోపల మాత్రం లెవెల్ పెంచుకునే పాత్రలు, సేకరించే కార్డులు, అమ్మకాలు. దీన్నే హైబ్రిడ్ క్యాజువల్ అంటున్నారు. యాడ్ డబ్బు, కొనుగోళ్ళ డబ్బు రెండూ రావాలి, మనిషి నాలుగు రోజులు కాదు నాలుగు నెలలుండాలి. వూడూ కూడా ఇటే తిరిగింది, 2024లో బీరియల్ అనే సోషల్ యాప్‌ని 50 కోట్ల యూరోలకి కొనుక్కుంది కూడా. మరో పక్క పెద్ద గేమ్స్ ఇంకా పెద్దవయ్యాయి. 2019లో ఇస్తాంబుల్‌లో మొదలైన డ్రీమ్ గేమ్స్ చేసిన రాయల్ మ్యాచ్ 2023లో నెలవారీ రాబడిలో క్యాండీ క్రష్‌ని దాటింది, అదీ లోపల ఒక్క యాడ్ కూడా లేకుండా. అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన మోనోపలీ గో పది నెలల్లో 200 కోట్ల డాలర్లు రాబట్టింది. ఈ అంకె చూసి ఆశపడేముందు పక్క అంకె కూడా చూడండి, ఆటగాళ్ళని తేవడానికి దాని మీద పెట్టిన మార్కెటింగ్ ఖర్చు 50 కోట్ల డాలర్లకి దగ్గర. మీరో నేనో ఆ పోటీలో దిగలేం.

ఉద్యోగం సంగతి. చేరేముందు మూడు అడగండి. గత ఏడాదిలో మీరు ఆపేసిన గేమ్స్ ఎన్ని, ఆపినప్పుడు ఆ టీమ్‌ని ఏం చేశారు? రాబడిలో ఒక్క గేమ్ వాటా ఎంత? విడుదలై ఏడాది దాటిన గేమ్ మీద ఇప్పటికీ పనిచేస్తున్నవాళ్ళు ఉన్నారా? మూడోదానికి "లేరు" అని జవాబొస్తే, వాళ్ళు ఇంకా 2018లోనే ఉన్నారని నా అభిప్రాయం. జీతం బాగుండి, నేర్చుకోవడానికి ఒక ఏడాది చాలనుకుంటే చేరండి, తప్పేం లేదు. వారానికో ప్రోటోటైప్ చేయడం వల్ల వచ్చే చెయ్యి ఇంకెక్కడా రాదు.

మా నాన్నగారు డెబ్భై దాటాక పజిల్ గేమ్స్ మొదలుపెట్టారు. పెద్దవాళ్ళ కోసమే ఒక గేమ్ చేయాలని ఉంది. మార్కెట్ ఉంటుందా?
— ఖాళీ సమయంలో గేమ్స్ చేసే పాఠకురాలు

ఉంటుందమ్మా, ఈ ఉత్తరం నాకు అన్నిటికన్నా నచ్చింది. గేమ్స్ అంటే కుర్రాళ్ళవి అని బయట అనుకుంటారు కానీ, పజిల్, కార్డులు, మాటల ఆటల్ని ఏళ్ళ తరబడి వదలకుండా ఆడేది నడివయసు దాటినవాళ్ళు, అందులోనూ ఆడవాళ్ళు ఎక్కువ. వాళ్ళు ట్రెండ్ చూసి గేమ్ మార్చరు, ఒకటి అలవాటైతే పొద్దున కాఫీతో పాటు అదే. పైన అంతా మొత్తుకున్న రిటెన్షన్ వీళ్ళ దగ్గర దానంతటదే వస్తుంది.

"వృద్ధుల కోసం" అని మాత్రం ఎక్కడా రాయకండి, ఎవరికీ నచ్చదు. అక్షరాలు పెద్దవి పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా మీదే ఆట ఆధారపడకూడదు, రంగుతో పాటు ఆకారం కూడా మార్చండి. టైమర్ తీసేయండి. యాడ్ మూసే గుర్తు వేలికి అందేంత పెద్దదిగా ఉందో లేదో చూసుకోండి, అది దొరక్క పొరపాటున స్టోర్‌లోకి వెళ్ళిపోయి భయపడి ఫోన్ కట్టేసినవాళ్ళని నేను చూశాను. నోటిఫికేషన్ రోజుకి ఒకటి చాలు.

ఇవన్నీ చేశాక మొదటి వెర్షన్ నాన్నగారి చేతికిచ్చి, నోరు మెదపకుండా పక్కన కూర్చోండి. ఆయన ఎక్కడ ఆగారో, కళ్ళజోడు ఎప్పుడు సవరించుకున్నారో రాసుకుని నాకు ఇంకో ఉత్తరం రాయండి.